రెండూ కుడిచేతి గ్లౌజులే

గ్లౌజులు కొనేటప్పుడు నేను మొదట చేసే పని వాటిని తిరగెయ్యడం. కొట్టువాడికి నచ్చదు. తొడుక్కుని చూడమ్మా, బనీనులా తిరగేస్తావేంటి అని విసుక్కుంటాడు. విసుక్కోనీ. పైన ఎంత నున్నగా ఉన్నా గ్లౌజు గుణం లోపల తెలుస్తుంది. వేళ్ల సందుల్లో కుట్టు ఎటు పోయింది, కుట్టు పక్కన తోలు ఎంత మిగిల్చారు, బొటనవేలి అతుకు అరచేతిలోకి వచ్చిందా, పక్కకు పోయిందా అన్నది చూస్తాను. అతుకు అరచేతిలోకి వచ్చిందంటే మధ్యాహ్నానికి బొబ్బ లేచినట్టే. ఆ తర్వాత తొడుక్కుని పిడికిలి బిగిస్తాను. చివరికి ఒక చిన్న మేకు అడిగి తీసుకుని, నేల మీద పడేసి, గ్లౌజు చేత్తోనే తీసి చూస్తాను. మేకు చేతికి రాకపోతే ఆ గ్లౌజు నాకొద్దు. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. ఎలా వచ్చిందో చెబుతాను, ఓపికున్నంత వరకు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి, ఎనభైల మొదట్లో. మాది విజయనగరం అవతల మెట్ట ఊరు. పెళ్లయిన ఏడాదికే వానలు ముఖం చాటేస్తే మా ఆయనా నేనూ మూటాముల్లె సర్దుకుని విశాఖపట్నం వచ్చేశాం. ఆయన ముందు పోర్టులో కూలీగా చేశాడు. ఎరువు బస్తాలు, జనపనార బేళ్లు, తోళ్ల మూటలు, ఏ రోజు ఏది తగిలితే అది మోసేవాడు. ఎరువు మోసిన రోజు ఒళ్లంతా దురద. తోళ్లు మోసిన రోజు చొక్కా కంపు. ఆ చొక్కాకి మూడు నీళ్లు పెట్టినా వాసన వదిలేది కాదు, పక్కవాటా ఆవిడ తన దండెం మీద ఆరెయ్యనిచ్చేది కాదు. దానికీ నాకూ అక్కడే చెడింది.

పోర్టులో పని రోజూ ఉండేది కాదు. ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరైతే ఆడామగా ఇద్దరికీ పని దొరుకుతుందని ఎవరో చెబితే గాజువాకలో ఒక గది చూసుకుని, ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాం. హద్దు కంచె వేసే పని. మగవాళ్లు పది మంది గోతులు తవ్వి, స్తంభాలు నిలబెట్టి, ముళ్ల తీగ లాగి కట్టాలి. ఆడవాళ్లం ఐదుగురం వాళ్లకి ముందు నడుస్తూ కంప కొట్టి, రాళ్లు ఏరి, దారి చెయ్యాలి. ఒకప్పుడు అక్కడ జీడితోటలు, సరుగుడు తోపులు ఉండేవట. ఊళ్లు లేచిపోయాక ఏలేవాడు లేక ముళ్లకంప మనిషెత్తు పెరిగిపోయింది. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి పొద్దున నిలబడ్డ చోటు ఇంకా కనిపిస్తూనే ఉండేది. ఆ పనికి అంతులేదు. ఇప్పటికీ తల్చుకుంటే భుజాలు లాగుతాయి.

ఆ కంప ముల్లు దిగితే మామూలుగా రాదు. కొస లోపల విరిగిపోయి, రెండు రోజులకి చీము పడుతుంది. మేం పాత చీర పేలికలు చుట్టుకునేవాళ్లం. ఒకామె లారీ ట్యూబు ముక్కకి బొటనవేలు పట్టేంత చిల్లు పెట్టి అరచేతికి తగిలించుకునేది. ఏం చేసినా ముల్లు ముల్లే. ఇంటికెళ్లి పిండి కలపాలన్నా, గిన్నెలు తోమాలన్నా ప్రాణం మీదికొచ్చేది. కారం తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

అలాంటప్పుడు పైనుంచి ఎవరో పెద్దవాళ్లు చూసి వెళ్లి, కంచె పనివాళ్లకి గ్లౌజులివ్వాలని చెప్పారట. ఒక పొద్దున మేస్త్రీ మూడు రకాలు తెచ్చి పడుకోబెట్టిన స్తంభం మీద పెట్టి, మీకే రకం కావాలో మీరే తేల్చుకోండి, ఏడాదికి ఒకటే జత అన్నాడు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను గనక హాజరు పుస్తకం నాతోనే రాయించేవాడు. ఎవరికేది ఇచ్చారో రాయడానికి నన్ను పిలిచాడు. అలా ఆ బేరం మొత్తం దగ్గరుండి చూశాను.

మగవాళ్లు సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూశారు. మొదటిది గుడ్డది. మెత్తగా బాగుంది గానీ, ముళ్ల తీగ మీద ఒకసారి రాస్తే చిరిగింది. రెండోది రబ్బరుది. తీగకి ఆగింది గానీ, తొడుక్కుని పది నిమిషాలు తవ్విన కుర్రాడు చెయ్యి బయటికి తీస్తే నానిన శనగల్లా ముడతలు పడిపోయింది. మూడోది అరచేతి వైపు తోలు, వెనక కేన్వాసు. వెనకనుంచి గాలాడుతుంది, ముందు ముల్లు దిగదు. దాన్ని ఎక్కువసేపు చూసింది మా ఆయనే. కుట్లు గిల్లి చూశాడు, పిడికిలి బిగించాడు, గునపం పట్టుకున్నాడు, తీగ మెలి తిప్పాడు. ఇదైతే ఏడాది ఆగుతాది అన్నాడు. అందరూ అదే అన్నారు. మరి ఆడవాళ్లకో అని నేనడిగాను. ఆడోళ్ల సైజు రాదమ్మా అన్నాడు మేస్త్రీ. ముళ్లు మాత్రం అందరి సైజుకీ వస్తాయి కాబోలు అన్నాను. వినిపించుకోలేదు. నేను పుస్తకంలో పది జతలు రాశాను.

మా గ్యాంగులో ఒక పెద్దాయన ఉండేవాడు. అందరం మావ అనేవాళ్లం. సింహాద్రి అప్పన్న భక్తుడు, శనివారం ఒంటిపూట భోజనం. ఆయన జత తీసుకుని, ఎడమ చేతిది తొడుక్కుని, కుడి చేతిది మడిచి క్యారేజీ సంచిలో పెట్టేశాడు. అదేమని అడిగితే నిదానంగా చెప్పాడు.

"ఎడం సేతికి ఏది తొడిగినా సెల్తాది. కుడిది బువ్వ తినే సెయ్యి. పశువు తోల్లో నానిన సేత్తో నాను ముద్ద కలపను."

మరి కాళ్లకి తోలు చెప్పులున్నాయి గదా అని నేను ఎత్తిపొడిచాను. నాను కాళ్లతో తింటానేటే అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వారు గానీ, ఆ మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు ఆయన మాటలో ఎంతో కొంత నిజముందని తెలిసింది. మాకు నీళ్లు ఒక పీపాలో వచ్చేవి. పన్నెండయ్యేసరికి తాగడానికే చాలేవి కావు, చేతులు కడిగే భాగ్యం ఎక్కడిది? కొత్త తోలు వాసన, చెమట కలిసి చేతికి పట్టి, ముద్ద నోటి దగ్గరికి వస్తే తల పక్కకు తిప్పుకునేవాళ్లు. కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు కుడి గ్లౌజు పక్కన పడేశారు. వారం తిరిగేసరికి పది మందీ ఎడమ చేతికే తొడుక్కుని, కుడి చెయ్యి ఖాళీగా తీగ లాగుతున్నారు. ఇలాంటి తెలివి మా వాళ్లకి తప్ప ఇంకెవరికీ రాదు.

మా ఆయన కూడా ఆ వారంలోనే కుడి గ్లౌజు తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"నాకొద్దే. బువ్వ తినే సెయ్యి. నువ్వేసుకో."

 ఎందుకని నేను అడగలేదు. కుడి చేతికి తొడిగి చూసుకున్నాను. నా చేతికి పెద్దదే. బొటనవేలి కొసలో ఇంత గుడ్డ కుక్కాను. తోలు బిగుసుకుని ఉంటే ఆముదం రాసి నీడలో పెట్టాను. మర్నాటికి వంగింది. ఇక ఎడమ చేతికి కావాలి. మగవాళ్లు ఎడమవి వదలరు. మావ సంచిలో మడిచి పెట్టిన కుడిది అడిగితే ఇచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే అప్పుడు తట్టింది. కుడి గ్లౌజుని లోపలిది బయటికి తిరగేస్తే ఎడమ గ్లౌజు అవుతుంది. గరుకు వైపు బయటికి వస్తుంది, కుట్లు బయట పడి వేళ్ల మధ్య రుద్దుకుంటాయి, అయినా చేతికి సరిపోతుంది, ముల్లు దిగదు. నాలుగు రోజుల్లో ఐదుగురు ఆడవాళ్లం అలాగే తయారయ్యాం. అందరి చేతులకీ రెండూ కుడివే, ఒకటి మంచిగా, ఒకటి తిరగేసి.

ఎంత సుఖపడ్డానో చెప్పలేను. కంపని కౌగలించుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లాగేదాన్ని. రాయి అంచు కోసుకోలేదు. ఇంట్లో కారం కలిపినా మండలేదు. ఆ నెలలో మొదటిసారి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మా ఆయన కుడి అరచెయ్యి మాత్రం సాయంత్రానికి ఎర్రగా గీతలు పడి ఉండేది. గుమ్మంలో కూర్చోబెట్టి పిన్నీసుతో ముళ్లు తీసేదాన్ని. ఒకసారి, పోనీ నువ్వే ఏసుకోరాదా అన్నాను. అన్నాను గానీ, వద్దంటే బాగుండునని మనసులో ఉంది. వద్దన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అనుకున్నాను. ఆయన పట్టింపు ఆయనది, నేనేం చేస్తాను అని నాకు నేను చెప్పుకున్నాను. చేతులు నొప్పెట్టకుండా ఉండటం ఎంత రుచో ఎరిగిన మనిషికి అలాంటి మాటలు బాగా దొరుకుతాయి.

వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పై వరస తీగ లాగుతున్నారు. తీగ కొసని గునపానికి చుట్టి, ఇద్దరు వెనక్కి వాలి లాగితే, మా ఆయన స్తంభం దగ్గర నిలబడి దాన్ని ముడెయ్యాలి. గునపం చెమట చేతుల్లోంచి జారింది. బిగిసిన తీగ పాములా వెనక్కి పోతుంటే, ఆయన కుడి చేత్తో గబుక్కున పట్టుకున్నాడు. ఎవరైనా కుడి చేత్తోనే పట్టుకుంటారు. ముళ్లన్నీ అరచేతిలోంచి దూసుకుని పోయాయి.

అరుపు విని కంపలోంచి పరిగెత్తాను. ఆయన చెయ్యి పైకెత్తి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మోచేతి దాకా రక్తం. నేను ఆ చేతిని రెండు చేతులా గట్టిగా అదిమి పట్టుకున్నాను. పట్టుకున్నాక చూశాను, నా చేతికి ఆయన గ్లౌజు ఉంది. ఆయన చెయ్యి దాని లోపల ఉండాల్సింది, బయట ఉంది. లారీలో పెద్దాసుపత్రి దాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. విప్పితే రక్తం ఆగదేమోనని విప్పలేదు.

కుట్లు వేశారు. చెయ్యి నిలిచింది. చూపుడు వేలు, నడిమి వేలు మాత్రం లోపల నరాలు తెగాయి, మళ్లీ వంగుతాయో లేదో చెప్పలేమన్నారు. గుడ్డ ఉండ చేసి పిసుకుతూ ఉండమన్నారు. ఆయన పిసుకుతూనే ఉన్నాడు. ఉండ చుట్టూ రెండు వేళ్లు కర్రల్లా నిలబడి ఉండేవి.

నేను మూడో రోజున పనిలోకి వెళ్లిపోయాను. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు. గ్లౌజుని రెండుసార్లు ఉతికాను. నల్లమచ్చ పోలేదు, ఆరేసరికి అట్టలా బిగుసుకుంది. ఆముదం రాశాను. వంగాక తొడుక్కున్నాను. ఎలా తొడుక్కున్నావమ్మా అని ఎవరైనా అడగొచ్చు. చేతికి తొడుక్కున్నట్టే తొడుక్కున్నాను. కంప అక్కడే ఉంది, నేను కొట్టకపోతే ఇంకొకరు కొట్టరు.

వారం పోయాక ఫ్యాక్టరీ వైపునుంచి సేఫ్టీ ఆఫీసరొచ్చాడు. కృష్ణా జిల్లా మాట, చేతిలో కాయితాలు. అందరినీ వరసగా నిలబెట్టి, గ్లౌజులిచ్చారు గదా, దెబ్బ తగిలిన మనిషి కుడి చేతికి ఎందుకు లేదని అడిగాడు. మగవాళ్లు నేల చూపులు చూశారు. మేస్త్రీ ముందుకొచ్చి, మొండోడండి, ఎంత చెప్పినా ఏసుకోడు అన్నాడు. ఆఫీసరు అదే రాయబోయాడు. ఆ మాట కాయితం మీదికి ఎక్కితే తప్పంతా మా ఆయనది అవుతుంది, తిరిగి పనిలోకి తీసుకోరు. అది నాకు తెలుసు, హాజరు పుస్తకం రాసేదాన్ని గదా. మావ నోరు తెరవబోతుంటే నేనే ముందుకెళ్లాను. 

"ఆయన మొండోడు కాదు బాబూ. ఆ గ్లౌజు నా సేతికుంది. నాను తీసుకున్నాను."

రెండు చేతులూ చూపించాను. ఆఫీసరు నా ఎడమ చేతిది అడిగి తీసుకుని, అటూ ఇటూ చూసి, ఇదేంటి ఇలా ఉంది అన్నాడు. రెండూ కుడివే బాబూ, ఇది తిరగేశాను అని చెప్పాను. మిగతా నలుగురు ఆడవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపారు. అందరివీ కుడివే. ఆఫీసరు అన్ని చేతులూ ఒక్కొక్కటే చూశాడు. తర్వాత అరిచాడు, ముందు మేస్త్రీ మీద, ఆనక మగవాళ్ల మీద, చివరికి మా మీద కూడా. అరుపులకేం, తిన్నాం. రాయబోయిన మాట మాత్రం రాయలేదు.

రెండు నెలల తర్వాత ఆడవాళ్లకీ గ్లౌజులొచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఈసారి మాదిరి గ్లౌజులు చూడమని మేస్త్రీ నా ముందు పెట్టాడు. నేను నాలుగు రకాలు తిరగేసి చూశాను. కుట్లు వేళ్ల కొసల మీదికి రానివి, బొటనవేలి అతుకు పక్కకు పోయినవి, మేకు తియ్యగలిగేంత పలచనివి, మణికట్టు దగ్గర పట్టీ ఉన్నవి ఎంచాను. సైజు కూడా ఉంది. రాదన్న సైజు ఎక్కణ్ణుంచి వచ్చిందో మేస్త్రీని అడగలేదు. అడిగే ఓపిక పోయింది. ఐదు జతలు రాశాను.

మా ఆయన తిరిగి పనిలోకి వచ్చిందీ ఆ రోజే. తీగ లాగే పని ఇవ్వలేదు, స్తంభాలకి ఇసుక, నీళ్లు అందించే పని ఇచ్చారు. నేను కొత్త జత తొడుక్కుని, పాతది ఆయనకి తిరిగిచ్చేశాను. ఆయన తన ఎడమది తొడుక్కున్నాడు. తర్వాత కుడిది తీసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. వంగని రెండు వేళ్లనీ ఎడమ చేత్తో పట్టుకుని, ఒక్కొక్కటే లోపలికి దూర్చి, నిదానంగా మణికట్టు దాకా లాక్కున్నాడు. అంతకు ముందే అందులో నేను కుక్కిన గుడ్డముక్క తీసి పారేశాడు. నల్లమచ్చ వైపు చూడలేదు. మావ చూసి అవతలికి పోయాడు.

మధ్యాహ్నం పీపాలో నీళ్లయిపోయాయి. ఆయన గ్లౌజులు విప్పి, కుడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, క్యారేజీ మూత తీశాడు. బొటనవేలు, చివరి రెండు వేళ్లతో అన్నం కలుపుకుంటున్నాడు. చూపుడు వేలు, నడిమి వేలు మెతుకులు తగలకుండా పైకి నిలబడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు.

"తోలు ముట్టిన సెయ్యి గదేటి. కడక్కుండా తింటన్నావేటి?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు నా వైపు చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నేనేదో మర్చిపోయి అడుగుతున్నట్టు చూశాడు.

"పోర్టులో తోళ్ల మూటల మీద కూకోనే తిన్నాను గదే. నీకు తెల్దేటి?"

నేను తల వంచుకుని నా క్యారేజీ విప్పుకున్నాను. తెలుసు. ఆ చొక్కాలు ఉతికింది నేనే.